వేదికకు వీపు

సగం దించిన షట్టరు కింద నుంచి మాస్టారు నడుం వంచి మైకు షాపులోకి దూరిన దగ్గర కదా మనం కథను వదిలిపెట్టాం! బజారంతా ఆ షట్టరు వంకే చూస్తోంది. చూడదా మరి! పాత కూరగాయల మార్కెట్టును ఊరి బయటికి తరలిస్తామని మునిసిపాలిటీ ప్రకటించడం, వద్దంటే వద్దని పోరాట సమితి లేవడం జరిగినప్పటి నుంచి బజారులో షాపు షాపుకీ ఒక ఆకుపచ్చ బోర్డు వేలాడుతోంది. 'ఈ షాపు పోరాటం వెంటే' అని దాని మీద తెల్లటి అక్షరాలు. ఆ బోర్డు లేనిది ఒక్క మైకు షాపే. మొన్న పొద్దున ఎవరో ఆ షట్టరు మీద 'గోడ మీద పిల్లి' బొమ్మ గీసి పోయారు. కాలేజీ వార్షికోత్సవానికి మాట్లాడుకున్న మైకులు వద్దని నిన్న కబురు వచ్చింది. ఇవాళ ఏకంగా సమితి కన్వీనరు మాస్టారే దిగారు.

షాపు మైకక్కది. ఆమె అసలు పేరు గోడకు తగిలించిన డిగ్రీ పట్టా మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ ఇంట్లో ఒక పట్టా గోడకెక్కడం అదే మొదలు. ఎక్కించింది ఈ మాస్టారే. "ఈ పిల్లని కాలేజీకి పంపకపోతే నీ మైకులో నేను జన్మలో మాట్లాడను చూసుకో," అని అప్పట్లో ఆమె నాన్నను బెదిరించి మరీ చేర్పించారు. ఆ నాన్న పోయాక షాపు మైకక్క నెత్తిన పడింది. పడ్డాక దించలేదు.

మాస్టారు లోపల నిటారుగా నిలబడి చుట్టూ చూశారు. గోడ పొడుగునా ఇత్తడి పూవుల్లా హార్నులు. మూలన ఆంప్లిఫయర్లు. నేల మీద మైకక్క వాళ్ళ అమ్మ కూర్చుని వైరు చుడుతోంది. ఊళ్ళో మిగతా మైకులవాళ్ళు వైరును మోచేతికి తాడులా గిరగిరా చుట్టేస్తారు. ఈ ఇంట్లో అలా చుట్టరు. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వేస్తారు. అలా చుడితే వైరు మెలిపడదని నాన్న కనిపెట్టుకున్న పద్ధతి. అమ్మ చేతులు కళ్ళతో పనిలేకుండా ఆ పని చేసుకుపోతాయి.

"ఏమమ్మాయ్, మాస్టారు కూర్చోవడానికి ఒక కుర్చీ లేదా ఇంత షాపులో?" అన్నారాయన.

"కుర్చీలు అద్దెకిచ్చేది పక్క షాపు మాస్టారూ. మా దగ్గర మోత ఒక్కటే దొరుకుతుంది," అంది అమ్మ.

ఆయన నవ్వి ఒక స్పీకరు పెట్టె మీద కూర్చున్నారు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నలుపుకున్నారు. సుద్దముక్క పట్టి ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. మైకక్క నిలబడే ఉంది. ఆయన ముందు కూర్చోవడం ఆమెకు ఇప్పటికీ చేతకాదు.

"బోర్డు తెచ్చారా మాస్టారూ?"

"తేలేదు. బోర్డు సంగతి వదిలేద్దాం."

ఆమెకు కాళ్ళలోంచి బరువు దిగినట్టయింది. కానీ ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. బోర్డు అడగడానికి కానప్పుడు ఆయన ఎందుకు వచ్చినట్టు?

"రేపు టౌన్ హాల్లో విచారణకి మైకులు నీవేగా?"

"అవును."

"తరలించాలని వాదించడానికి ఐసు దొర వస్తున్నాడు."

ఐసు దొర అంటే ఐసు ఫ్యాక్టరీ ఆసామి. కొత్త మార్కెట్టు పక్కనే అతనికి స్థలం ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"వస్తున్నాడని విన్నాను," అంది మైకక్క.

"అతను మాట్లాడేటప్పుడు..." మాస్టారి వేళ్ళు మళ్ళీ నలిగాయి. "మైకు పాడవుతూ ఉంటుంది కదా, అప్పుడప్పుడూ."

అమ్మ చేతిలో వైరు ఆగింది.

మైకక్కకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోతే ఆయనే మాట వెనక్కి తీసుకుంటారేమోనని ఆశపడింది. "మా మైకు పాడవదు మాస్టారూ. పొద్దున్నే వెళ్ళి రెండుసార్లు చూసుకుంటాను."

"పాడవని మైకు ఉంటుందా అమ్మాయ్! కూతపెడుతుంది, గరగరమంటుంది, ఒక్కోసారి చచ్చూరుకుంటుంది. మైకు పోయిందంటే ఎవరూ ఎవర్నీ అనుమానించరు. కాసేపు పోతే చాలు. తర్వాత బాగైపోతుంది."

"ఆయన మాట్లాడితే మనకేంటి భయం మాస్టారూ?"

"భయం కాదు." మాస్టారు ముందుకు వంగారు. గొంతు పాఠం చెప్పేటప్పటి గొంతయింది. "అతని గొంతు విన్నావుగా, పాలల్లో నానబెట్టినట్టుంటుంది. సభలు చేసీ చేసీ ఆరితేరినవాడు. మన కూరలమ్మేవాళ్ళకి మైకు చూస్తే చాలు నాలుక మడతపడిపోతుంది. ఉన్నవాడి ముందూ అదే మైకు, లేనివాడి ముందూ అదే మైకు పెట్టి, 'ఇద్దరికీ సమానంగా ఇచ్చానండీ' అని చేతులు దులుపుకుంటే అది న్యాయమా? నువ్వే చెప్పు."

ఆయన అన్నదాంట్లో నిజముంది. పైగా ఐసు దొర అంటే ఆమెకు గిట్టదు. ఫ్యాక్టరీలో ఏదో సభ జరిగినప్పుడు మైకు కూతపెట్టిందని అందరి ముందూ నాన్నను 'ఒరేయ్ మైకూ' అని పిలిచాడు. తప్పు అతనిదే, మైకును నోట్లో పెట్టుకుంటాడా అన్నంత దగ్గరికి లాక్కున్నాడు. నాన్న మాత్రం పల్లెత్తు మాటనలేదు, అతని గొంతుకు తగ్గట్టు మోత సర్ది చివరిదాకా కూర్చున్నాడు. ఇంటికి వస్తూ దారిలో కూతురు ఉడికిపోతుంటే ఒక్కటే అన్నాడు: "మాట వాళ్ళది, మోత మనది. మాటలో తేడా వస్తే వాళ్ళకి సిగ్గు. మోతలో తేడా వస్తే మనకి సిగ్గు."

"నా వల్ల కాదు మాస్టారూ," అంది మైకక్క.

"ఎందుకు కాదు?"

"రేపు మీ మాట గిట్టనివాడు వచ్చి ఇదే స్పీకరు పెట్టె మీద కూర్చుని ఇదే అడిగితే, అప్పుడేం చెప్పను?"

"వాడూ నేనూ ఒకటేనా నీకు!"

"నాకు కాదు. మైకుకి ఒకటే."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అసలు సంగతి అడుగుతాను. మార్కెట్టు తరలింపుకి నువ్వు అనుకూలమా, వ్యతిరేకమా?"

"కొంచెం వ్యతిరేకమే."

"కొంచెమా! ఉప్పా అది, రుచి చూసి కొంచెం కొంచెం వేసుకోవడానికి?"

"నవ్వకండి మాస్టారూ. నేను వెళ్ళి చూసొచ్చాను ఆ కొత్త స్థలం. నీళ్ళున్నాయి, పైన కప్పుంది. ఇక్కడ మన మార్కెట్లో అమ్మేవాళ్ళకి రెండూ లేవు. కానీ అక్కడికి బస్సు లేదు. తెల్లారకముందే బుట్టలెత్తుకుని అంత దూరం ఎలా పోతారు? బస్సు వేస్తారంటే ఒకలా ఉంటుంది, వేయరంటే ఇంకోలా ఉంటుంది. ఆ సంగతి ఎవరూ తేల్చి చెప్పడం లేదు. మీ సభల్లో కూడా ఎవరూ అడగలేదు, నేను విన్నాను. నాకు తేలనిదాన్ని తేలిపోయినట్టు బోర్డు మీద ఎలా రాసుకోను?"

"అందరూ రాసుకున్నారుగా."

అమ్మ అందుకుంది. "అందరూ ఎందుకు రాసుకున్నారో టైలరు నాతో చెప్పుకుని వాపోయాడు మాస్టారూ. బోర్డు పెట్టకపోతే అద్దం పగులుతుందేమోనని భయమట పాపం. మాకు అద్దం లేదు, ఉన్నది షట్టరే. దాని మీదికి పిల్లి కూడా వచ్చేసింది. ఇంకేం రావాలి?"

"ఆ పిల్లిని నేను గీయించలేదమ్మా."

"మీరెందుకు గీయిస్తారు! బొమ్మ బాగానే కుదిరింది, మీసాలే కాస్త తగ్గాయి. కానీ రోజూ ఈ దారినే వెళ్తారుగా, తుడిచెయ్యమని ఒక్కరితోనైనా అన్నారా?"

మాస్టారు ముఖం ఎర్రబడింది. లేచారు. మైకక్క వైపు తిరిగి, కోపంగా కాదు, చాలా మెత్తగా అన్నారు. "నీకు ఆలోచించడం నేర్పింది నేనమ్మాయ్. గోడ మీద కూర్చోమని నేర్పలేదు. అవతల ఇంతమంది కడుపులు కాలుతుంటే నాకు తేలలేదు, నాకు తేలలేదు అంటూ కూర్చోవడం కూడా ఒక పక్షమే. ఆ పక్షం పేరు తెలుసా? ఐసు దొర పక్షం."

తిట్టినా మైకక్క ఇంత బాధపడేది కాదు. "నేను గోడ మీద లేను మాస్టారూ," అంది. "ఓటేసే రోజు వస్తే వేస్తాను, ఎవరికో మీకు చెప్పను. మీకే కాదు, మా అమ్మకి కూడా చెప్పను."

"ఎప్పుడు చెప్పావు గనక!" అంది అమ్మ.

"సరే, నీ ఇష్టం," అన్నారు మాస్టారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటారని మైకక్క అనుకోలేదు. షట్టరు కింద నుంచి వంగి బయటపడ్డారు. బయట స్కూటరు మీద ఆయన కోసం ఎదురుచూస్తున్నది ఇంకెవరో కాదు, మైకక్క తమ్ముడు. మెడలో ఆకుపచ్చ కండువా.

మాస్టారిని ఇంటి దగ్గర దింపి వచ్చాక తమ్ముడు అన్నానికి కూర్చోలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"అంతటాయన గుమ్మంలోకి వచ్చి అడిగితే కాదన్నావట. రేపు సమితిలో నా ముఖం ఎలా చూపించుకోను?"

"కడుక్కుని చూపించు."

"నీకు అన్నీ ఎకసెక్కాలే అక్కా. అక్కడ అందరూ నన్నేమంటున్నారో తెలుసా? సొంత అక్కనే తిప్పుకోలేనివాడు జనాన్నేం తిప్పుతాడురా అంటున్నారు."

"నేనేమన్నా పుల్లట్టునా, తిప్పి వేయడానికి?"

అమ్మ కిసుక్కున నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. "నాన్న ఉంటే..."

"నాన్న ఉంటే రేపు కూడా వేదికకి వీపు పెట్టి కూర్చునేవాడు."

"అవును, కూర్చునేవాడు. నీలాగే. చిన్నప్పటి నుంచీ ఆ వీపులు చూసీ చూసీ విసుగెత్తిపోయింది నాకు. ఊళ్ళో ఏం జరిగినా మీకు పట్టదు. ముల్లు లేచిందా, పడిందా! అంతే."

ఆ ముల్లు సంగతి చెప్పాలి. ఆంప్లిఫయర్ మీద చిన్న అద్దం వెనక ఒక ముల్లు ఉంటుంది. గొంతు హెచ్చితే లేస్తుంది, తగ్గితే పడుతుంది. సభలో నాన్న ఎప్పుడూ వేదిక వైపు చూసేవాడు కాదు. వీపు అటు పెట్టి, ముల్లు మీదే కళ్ళు పెట్టుకునేవాడు. మాట్లాడేది ఎవరో కనపడితే చెయ్యి మొహమాటపడుతుందని ఆయన నమ్మకం. మనవాడైతే కాస్త పెంచుతుంది, కానివాడైతే కాస్త తగ్గిస్తుంది. కనపడకపోతే గొంతు గొంతే. మైకక్కా అలాగే కూర్చుంటుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసి పొగరనుకుంటారు.

తమ్ముడు అన్నం ముట్టకుండానే పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

*

పొద్దున టౌన్ హాలు నిండిపోయింది. లోపల చోటు చాలనివాళ్ళ కోసం మైకక్క చూరు కింద నుంచి వీధిలోకి హార్నులు కట్టింది. వేదిక మీద ఉపన్యాసకులు నిలబడే బల్లకు మైకు బిగించింది. అక్కడి నుంచి వైరు మెట్ల పక్కన తెర వెనక్కి వచ్చి, అక్కడ ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ఇంకో వైరుతో కలుస్తుంది. కలిసే చోట ముందుగా ఆ రెండింటికీ ముడి వేసి, ఆ తర్వాత ప్లగ్గు దోపింది. ఎవరి కాలు తట్టుకున్నా లాగుడు ముడి మీద పడాలి, ప్లగ్గు ఊడకూడదు. ఇదీ నాన్న పద్ధతే.

"హలో, హలో. మైక్ టెస్టింగ్." మైకులో ఆమె జీవితమంతా మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

వేదిక కింద, గోడ వారగా ఉన్న స్టూలు మీద ఆమె వీపు తిప్పి కూర్చుంది. వేదిక మీద కుర్చీలు సర్దడానికీ మంచినీళ్ళు అందించడానికీ రెండు పక్షాల నుంచీ చెరో మనిషిని పెట్టారు. సమితి తరఫున ఆ మనిషి తమ్ముడే. పొద్దున్నుంచీ అక్కతో మాట్లాడలేదు.

విచారణాధికారి ఒక పెద్దావిడ. గొంతు కంచు. నియమాలు చదివింది. ఒక్కొక్కరే మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. సమితి తరఫున మాస్టారు మాట్లాడారు. బాగా మాట్లాడారు. ఆయన గొంతు వినగానే మైకక్క చెయ్యి తనకు తెలియకుండానే మోత సర్దే గుండీ మీదికి పోయింది. పెంచడానికో తగ్గించడానికో ఆమెకే తెలియదు. చెయ్యి వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకుంది. ఫ్యాను కిందే కూర్చున్నా మెడకు చెమటపట్టింది. ఇన్నేళ్ళలో స్టూలు మీద ఇంత ఇబ్బందిగా ఎప్పుడూ కూర్చోలేదు. నిన్నటి మాట లోపల గుచ్చుతూనే ఉంది. తేలలేదనడం కూడా ఒక పక్షమేనా? కాదని తనకు తెలుసు. ఎందుకు కాదో ఆయనంత చక్కగా చెప్పడం తనకు రాదు. అంతే తేడా.

తర్వాత ఐసు దొర లేచాడని చప్పట్లు పడకపోవడంతోనే తెలిసింది. అతను నింపాదిగా మొదలుపెట్టాడు. నీళ్ళ గురించి చెప్పాడు, కప్పు గురించి చెప్పాడు. తన స్థలం గురించి చెప్పలేదు. జనంలోంచి ఎవరో "మరి నీ స్థలమో?" అని అరిస్తే అధికారి బల్ల మీద తట్టింది. ముల్లు ఆడుతోంది. మైకక్క అతని అబద్ధాల వెంటా నిజాల వెంటా సమానంగా చెయ్యి సర్దుతూ పోయింది.

"ఇక బస్సు సంగతి," అన్నాడు ఐసు దొర. "దీని గురించి మీలో ఎవరికీ తెలియని విషయం ఒకటి చెబుతాను. బస్సు విషయంలో మునిసిపాలిటీ వాళ్ళు నాతో ఏమన్నారంటే..."

మైకక్క చెవులు రిక్కించింది. ఆమెకు కావలసిన మాట అదొక్కటే.

ముల్లు పడిపోయింది.

వీధిలో హార్నులు మూగబోయాయి. ఆంప్లిఫయర్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. కరెంటు పోలేదు, మైకు పోయింది. హాలంతా పిచ్చి కేకలు, ఈలలు. ఆకుపచ్చ కండువాలు గాల్లోకి లేచాయి.

"మైకక్కా! భేష్!"

"మైకక్క మనవైపే! మైకక్క జిందాబాద్!"

ఐసు దొర మైకు లేకుండానే అరుస్తున్నాడు. పాలల్లో నానిన గొంతు ఇప్పుడు పెనం మీది నీళ్ళలా చిటపటలాడుతోంది. "ఎవరికి అమ్ముడుపోయావమ్మా? మీ నాన్న ఇలాంటివాడు కాదే!"

నాన్నను ఒరేయ్ అన్న నోరే అది. మైకక్కకు ఒళ్ళు మండింది, కానీ వాదించే సమయం కాదు. వైరు చేత్తో పట్టుకుని, వేళ్ళ మధ్య జారనిస్తూ, దాని వెంటే నడిచింది. మెట్ల దగ్గర మాస్టారు ఎదురయ్యారు. కళ్ళద్దాల వెనక ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది.

"నాకు తెలుసమ్మాయ్," అన్నారు నెమ్మదిగా. "నిన్న కాదన్నా, నువ్వు నా శిష్యురాలివే."

పట్టా తెచ్చుకున్న రోజున కూడా ఆయన ఆమెను ఇంతగా మెచ్చుకోలేదు. అప్పటి నుంచీ ఎదురుచూసిన మెప్పు ఇది. చెయ్యని పనికి దక్కింది. ఆమె పక్కనుంచి తప్పుకుని తెర వెనక్కి వెళ్ళింది.

రెండు వైర్లూ విడిపోయి ఉన్నాయి.

ఎవరిదో కాలు తగిలి ఊడలేదు. అలా ఊడితే ముడి బిగుసుకుని ఉండేది. ముడి విప్పి ఉంది. గోళ్ళతో, ఓపికగా, వైరు నలగకుండా విప్పి ఉంది. మైకు వైపు వైరు కొస నేల మీద చుట్టచుట్టి పెట్టి ఉంది. మైకక్క మోకాళ్ళ మీద కూర్చుని ఆ చుట్టను చేతిలోకి తీసుకుంది. ఒక చుట్టు పైనుంచి. ఒక చుట్టు కిందనుంచి.

పాడుచేయడానికి వచ్చిన చెయ్యి వైరును పారేసి పోతుంది. ఈ చెయ్యి పారేయలేకపోయింది. దొంగతనం చేస్తూ చేస్తూనే, వైరు మెలిపడుతుందేమోనని చుట్టి పెట్టింది. ఈ ఊళ్ళో వైరును ఇలా చుట్టేవాళ్ళు నలుగురే. నాన్న పోయాడు. అమ్మ షాపులో ఉంది. తను స్టూలు మీద ఉంది, వేదికకు వీపు పెట్టుకుని.

ఆ వీపు సంగతి నాలుగో మనిషికి బాగా తెలుసు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడుగా.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. 'ఒరేయ్ వెధవా, చెయ్యడం కూడా చేతకాలేదు కదరా నీకు,' అనుకుంది. ముడి వేసింది. ప్లగ్గు దోపింది. వేదిక మీదికి వెళ్ళి మైకును బల్ల మీంచి తీసి వేలితో తట్టింది. టప్ టప్ మని వీధి దాకా మోగింది. కేకలు సద్దుమణిగాయి.

"ఆగమ్మా," అంది అధికారి. "అక్కడే ఉండు. విచారణ మధ్యలో ఒక మనిషి మాట ఆగిపోయింది. ఎలా ఆగిందో అందరి ముందూ తేలాలి. మైకు లోపమైతే చెప్పు, నీ షాపు మైకు ఇక ఈ హాల్లో అడుగుపెట్టదు. మనిషి పనైతే కూడా చెప్పు, పోలీసులు గుమ్మంలోనే ఉన్నారు."

మైకక్క మొదటిసారి వేదిక మీంచి జనాన్ని చూసింది. ఇన్ని ముఖాలుంటాయని ఆమెకు తెలియదు. ముందు వరుసలో మాస్టారు తల మెల్లగా ఊపారు. లోపమని చెప్పెయ్యమన్నట్టు. కండువాలవాళ్ళు నవ్వుతూ చూస్తున్నారు, అంతా వాళ్ళలో వాళ్ళ మాటయినట్టు. ఐసు దొర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళ కూజా పక్కన తమ్ముడు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

లోపమంటే నాన్న పేరు పోతుంది. తనే చేశానంటే ఊరు నెత్తిన పెట్టుకుంటుంది, తనకు తన మీద నమ్మకం పోతుంది. ఏమీ అనకుండా దిగిపోతే వాళ్ళ బోర్డు తన నుదుటి మీద పడుతుంది, జన్మలో తీయడానికి రాదు.

మైకును నోటికి మరీ దగ్గరగా కాకుండా, నాన్న చెప్పే దూరంలో పట్టుకుంది.

"హలో," అంది అలవాటు కొద్దీ. ఎవరో నవ్వారు. "మా మైకులో లోపం లేదండీ. దానంతట అది పోలేదు. నేను తీయలేదు."

వీధిలో హార్నులు ఆమె మాటను బజారంతా మోసుకుపోయాయి. మాస్టారి ముఖంలో రంగు మారింది.

"నేను ఎవరివైపూ లేనండీ. మార్కెట్టు తరలించాలో వద్దో నాకింకా తేలలేదు. ఇందాక ఈయన బస్సు గురించి చెప్పబోతుంటే ఆగిపోయింది. అది వింటే నాకు తేలేదేమో. నా మైకు తీసినవాళ్ళు ఈయన నోరే కాదు, నా చెవులు కూడా మూశారు."

"నీకు అనిపించేది కాదమ్మా నేనడిగింది," అంది అధికారి. "ఎవరు తీశారు?"

మైకక్క నోరు తెరిచింది. అంతలో నీళ్ళ కూజా బల్లకు తగిలి ఖంగుమంది. తమ్ముడు వేదిక అడ్డంగా నడిచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మెడలో కండువా లేదు, గుప్పిట్లో నలిగి ఉంది.

"మైకు ఇటివ్వు అక్కా. నేను మాట్లాడాలి."

"నోర్మూసుకుని కిందికి దిగరా," అంది ఆమె, మైకు పక్కకు తిప్పి, పెదాలు కదలకుండా.

"ఇవ్వక్కా. నేనొక్కణ్ణే కాదు. రాత్రి నాకు ఎవరు చెప్పారో కూడా చెప్పాలి."

కింద ముందు వరుసలో మాస్టారు లేచి నిలబడ్డారు.

గుమ్మం దగ్గర పోలీసు టోపీలు కదిలాయి. మైకు అడిగినవాడికి మైకు ఇవ్వాలి. అడిగింది మనవాడా, కానివాడా చూడకూడదు. ఆ మాట నిన్న సాయంత్రమే కదా మాస్టారి ముఖాన చెప్పింది! తమ్ముడి చెయ్యి ఆమె చేతి దగ్గరే చాచి ఉంది. ఆమె బొటనవేలు మైకు మెడ మీది స్విచ్చి మీద ఉంది. చిన్నది, ఆవగింజంత. కాస్త నొక్కితే చాలు, వాడేం చెప్పినా ఎవరికీ వినపడదు.

మైకు పోయిందంటే ఎవరూ ఎవర్నీ అనుమానించరు.